పసిపిల్లల చూపు: ఎ విటమిను చరిత్ర

పగలంతయు ఆడి పాడిన పిల్లవాడు దీపములు పెట్టు వేళకు తల్లి కొంగు వదలడు. ఎదుటనున్న గడప తగిలి పడును. కంచములోని అన్నము కొరకు చేతితో తడవుకొనును. వీధిలో తోటిపిల్లలు దాగుడుమూతలాడుచున్నను అరుగు దిగడు. తల్లి వానిని పిరికివాడని విసుగుకొనును. ఇంట నున్న ముసలమ్మ మాత్రము గుర్తుపట్టి, "వీనికి రేచీకటి" అనును.

తెలుగు పల్లెలలో తరతరములుగా వాడుకలోనున్న మాట ఇది. రే అనగా రాత్రి. లోకమునకంతకును వచ్చు చీకటి వేరు, ఆ పసివాని కంటికి మాత్రమే క్రమ్ముకొను చీకటి వేరు. ఆహారములో ఒక విటమిను కొరవడుటయే పిల్లలలో దీనికి ముఖ్యకారణమని నేడు మనకు తెలియును. సకాలమున ఆ లోపము తీర్చినచో కొద్ది దినములలోనే చూపు మరలి వచ్చును. తీర్పనిచో రాత్రి చీకటి పగటికిని ప్రాకి, ఆ బిడ్డ జీవితాంతము అంధుడై పోవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును.

ఇంత చిన్న సంగతిని తెలిసికొనుటకు మానవునకు వేలకొలది సంవత్సరములు పట్టినది. మందు ముందుగనే దొరికినది. కారణము మాత్రము చాల ఆలస్యముగ దొరికినది. ఆ కథ తెలిసికొనదగినది.

కాలేయపు వైద్యము

క్రీ. పూ. 1500 ప్రాంతమునకు చెందిన ఈజిప్టు వైద్యగ్రంథములో కంటి జబ్బునకు కాలేయము వాడుట కనబడుచున్నది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో రేచీకటికి ఎద్దు కాలేయమును పచ్చిగనే తేనెతో తినుమని చెప్పబడినది. మన సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో నక్తాంధ్యమునకు మేక కాలేయమును పిప్పళ్లతో కలిపి వండి తినుమను చికిత్స ఉన్నది. ఈ మూడు దేశములవారును ఒకే అవయవమును పట్టుకొనుట కాకతాళీయము కాదు. ఎ విటమినును శరీరము కాలేయములోనే నిలువ చేసికొనును. మేకయైనను, ఎద్దయినను, మనుష్యుడైనను దేహములోని ఎ విటమినులో అధికభాగము అక్కడనే యుండును. ప్రాచీనులకు విటమిను సంగతి తెలియదు. కాని రోగి తిని బాగుపడుట వారు కన్నులార చూచిరి.

తరువాతి కాలపు పండితులు ఈ అనుభవమును అనాగరిక వైద్యమని త్రోసివేసిరి. 1857 నుండి 1859 వరకు 'నోవారా' అను ఆస్ట్రియా దేశపు యుద్ధనౌక భూప్రదక్షిణము చేసినది. దానిపై నున్న 352 మందిలో 75 మందికి రేచీకటి సోకినది. ప్రొద్దు క్రుంకగనే వారిని చేయి పట్టి నడిపింపవలసి వచ్చెడిది. ఓడ వైద్యుడు ష్వార్ట్స్ వారికి ఉడికించిన ఎద్దు కాలేయమును పెట్టించెను. రోగులు కోలుకొనిరి. ఇది ఆహారలోపమున వచ్చు వ్యాధి యని ఆయన ప్రకటించెను. స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట వైద్యమండలివారు ఆయనను మెచ్చుకొనుటకు బదులు ఎగతాళి చేసిరి. సముద్రముపై ఎండ వేడిమికి, నీటిపై మెరయు కాంతికి కన్నులు అలసి రేచీకటి వచ్చునని వారి నమ్మకము. ఎండలో పని చేయని అనాథాశ్రమముల పిల్లలకు ఇదే జబ్బు ఎందులకు వచ్చుచున్నదో వారు యోచింపలేదు.

తెల్ల మచ్చలు

ఆ పిల్లలను గూర్చి వ్రాసినవాడు ఫ్రాన్సు దేశములోని బోర్డో నగరపు వైద్యుడు బిటో. 1863లో ఆయన ఒక అనాథ శిశుశరణాలయమునందలి పిల్లలను పరీక్షించి, రేచీకటి గలవారి కన్నులలో తెల్లగుడ్డుపై, నల్లగుడ్డు ప్రక్కగా, సబ్బునురుగు వంటి తెల్లని మచ్చలు ఉండుట గమనించెను. నేటికిని వైద్యులు వానిని 'బిటో మచ్చలు' అనియే పిలుచుచున్నారు. గ్రామములలో పిల్లలను పరీక్షించు ఆరోగ్య కార్యకర్త మొదట వెదకునది ఈ మచ్చనే.

ఆ రోజులలో పాశ్చర్, కోహ్ మున్నగువారు సూక్ష్మజీవులను కనుగొని వైద్యశాస్త్రమునే మార్చివేయుచుండిరి. ప్రతి రోగమునకు ఒక క్రిమి యుండి తీరవలెనని అందరును భావించిరి. ఈ తెల్ల మచ్చలలోను ఒక సూక్ష్మజీవి కనబడగా అదే కారణమనిరి. ఏదో ఒకటి దేహములో ప్రవేశించుట వలన రోగము వచ్చునని నమ్మిన వారికి, ఏదో ఒకటి దేహములో లేకపోవుట వలన కూడ రోగము వచ్చునను ఆలోచన తట్టుట కష్టము.

జపానులో మోరి అను వైద్యుడు 1904లో, కన్నులు పొడిబారి, నీళ్ల విరేచనములతో కృశించుచున్న సుమారు 1,500 మంది పసిపిల్లలను గూర్చి వ్రాసెను. అది బియ్యము, బార్లీ, కూరగాయలు తిను లోతట్టు పల్లెలలో ఎక్కువగ నుండి, సముద్రతీరమున చేపలు పట్టు కుటుంబములలో కనబడకుండెను. మోరి వారికి కాడ్ చేప కాలేయపు నూనె త్రాగించెను. కన్నులు బాగుపడినవి, విరేచనములును కట్టినవి. ఆహారములో కొవ్వు తక్కువగుటయే కారణమని ఆయన తలచెను. అది పూర్తిగ సరి కాదు. కొవ్వు కాదు, కొవ్వులో కరగియున్న మరియొక పదార్థము కారణము. కాని ఆయన సత్యమునకు గడప వరకు వచ్చెను.

ఎలుకల సాక్ష్యము

పందొమ్మిదవ శతాబ్దాంతము వరకు ఆహారమనగా మాంసకృత్తులు, పిండిపదార్థములు, కొవ్వు, ఖనిజ లవణములు, నీరు అని రసాయనశాస్త్రజ్ఞులు లెక్క కట్టియుండిరి. ఈ లెక్క చాలదని 1881లోనే లూనిన్ అను యువకుడు చూపెను. పాలలో నున్న ఈ పదార్థములన్నిటిని విడివిడిగ శుద్ధిచేసి మరల కలిపి ఎలుకపిల్లలకు పెట్టగా అవి చనిపోయినవి. పాలు మాత్రమే త్రాగినవి బ్రతికినవి. పాలలో మనకు తెలియని పదార్థమేదో ఉన్నదని ఆయన వ్రాసెను. ఆ మాటను పట్టించుకొనుటకు ముప్పది యేండ్లు పట్టినది.

1912లో ఇంగ్లండులో హాప్‌కిన్స్ ఈ ప్రయోగమును మరింత జాగ్రత్తగ చేసెను. శుద్ధిచేసిన ఆహారముతో ఎదుగుదల ఆగిపోయిన ఎలుకలకు దినమునకు రెండు మూడు ఘన సెంటీమీటర్ల పాలు, అనగా చెంచాడైనను కాదు, ఇచ్చినంతనే అవి పెరుగసాగినవి. అంత స్వల్పమైన పాలలోని బలము వలన ఆ పెరుగుదల కలుగుట అసాధ్యము. అదే సంవత్సరమున ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి అజ్ఞాత పదార్థములకు 'విటమిను' అను పేరు పెట్టెను.

ఇక అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము కథ. అక్కడ ఆవులకు కేవలము ఒక్కొక్క ధాన్యపు మొక్క నుండి వచ్చిన మేతనే పెట్టి చూచుచుండిరి. మొక్కజొన్న మేత తిన్న ఆవులు పుష్టిగా నుండి మంచి దూడలను ఈనినవి. గోధుమ మేత తిన్న ఆవుల దూడలు బ్రతుకలేదు. రసాయనిక విశ్లేషణలో రెండు మేతలును సమానమే! ఆ శాఖలో చేరిన మెక్కాలమ్ అను యువశాస్త్రజ్ఞుడు, ఆవులతో ప్రయోగములు ఏండ్ల తరబడి సాగునని గ్రహించి, త్వరగా పెరిగి త్వరగా పిల్లలను పెట్టు ఎలుకలను పెంచదలచెను. రైతులు ఏ ఎలుకలను చంపుటకు పాటుపడుదురో వానిని ప్రభుత్వధనముతో పెంచుట ఏమని పెద్దలు అడ్డు చెప్పిరి. ఆయన తన డబ్బుతోనే కొన్ని తెల్ల ఎలుకలను కొని తెచ్చెను. వాని పోషణభారమును మార్గరైట్ డేవిస్ అను యువతి జీతము లేకయే వహించెను.

1913లో వారిరువురును తమ ఫలితమును ప్రకటించిరి. కొవ్వు కొరకు పందికొవ్వు గాని, ఆలివ్ నూనె గాని పెట్టినపుడు ఎలుకలు కొన్ని వారములు పెరిగి, తరువాత ఆగిపోవుచుండెను. వెన్నలోని కొవ్వును గాని, గ్రుడ్డు పచ్చసొన సారమును గాని చేర్చినచో మరల పెరుగుచుండెను. కొవ్వులన్నియు ఒకటి కావు. కొన్ని కొవ్వులలో ప్రాణాధారమైన వస్తువేదో ఉన్నది. కొద్ది వారముల తేడాలో ఆస్‌బర్న్, మెండెల్ అనువారును ఇదే విషయము కనుగొనిరి. ఈ వెన్నలోని కొవ్వు లేని ఎలుకల కన్నులు వాచి, పుసులు కట్టి, గ్రుడ్డివగుచుండెను. ఈ పదార్థమును మెక్కాలమ్ 'కొవ్వులో కరగు ఎ' అని పిలిచెను. 1920లో డ్రమండ్ సూచనపై అది 'ఎ విటమిను' అయినది.

డెన్మార్కు వెన్న

ఎలుకలు చెప్పిన సాక్ష్యమును మానవశిశువులు ధ్రువపరచిన విషాదగాథ డెన్మార్కులో జరిగినది. ఆ చిన్న దేశము పాడిపంటలకు ప్రసిద్ధి. పాల నుండి వెన్న తీసి ఇంగ్లండు, జర్మనీలకు అమ్ముచుండిరి. వెన్నకు మంచి వెల వచ్చుచుండుటచే పేదలు తాము వెన్న మాని, మొక్కల నూనెలతో చేసిన మార్గరీనును, వెన్న తీసిన పాలను వాడుచుండిరి. నాటి మార్గరీనులో ఎ విటమిను లేదు. వెన్నతో పాటు పాలలోని ఎ విటమినును పోవును. పాలసముద్రము వంటి ఆ దేశములో పసిపిల్లల కన్నులు పొడిబారి గ్రుడ్డివగుట మొదలయినది.

కోపెన్‌హేగనులో పిల్లల వైద్యుడైన బ్లాక్, ఆసుపత్రికి వచ్చిన ఇట్టి పిల్లలు ఏమి తిని పెరిగిరో విచారించెను. ఒక శిశుసదనమున రెండు భాగములలోని పిల్లల ఆహారమును పోల్చి చూచెను. ఒక భాగములో పలువురికి కంటిజబ్బు వచ్చినది. రెండవ దానిలో ఎవరికిని రాలేదు. రెంటికిని ముఖ్యమైన భేదము చిక్కని పాలు దొరకుట, దొరకకపోవుట. ఆయన రోగులకు పూర్ణమైన పాలు, కాడ్ చేప నూనె ఇప్పించెను. నల్లగుడ్డు చెడకముందు వచ్చిన వారందరికిని చూపు దక్కినది.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధము ముదిరినది. 1917లో జర్మను జలాంతర్గాములు ఓడలను ముంచివేయుచుండుటచే డెన్మార్కునకు విదేశముల నుండి మార్గరీను ముడిసరకులు రాలేదు. దేశములోని వెన్న దేశములోనే మిగిలినది. 1917 డిసెంబరులో ప్రభుత్వము వెన్నకు రేషను పెట్టి, మనిషికి వారమునకు పావుకిలో చొప్పున, పేదలు కొనగల ధరకు పంచినది. 1918లో కంటిజబ్బు మటుమాయమయినది! యుద్ధము ముగిసి, రేషను ఎత్తివేసి, ఎగుమతులు మరల ఆరంభము కాగా జబ్బు మరల కనబడసాగినది.

యుద్ధము ప్రజలకు మేలు చేసెనని దీని భావము కాదు. పండించిన దేశములోని బిడ్డకు పండిన పదార్థము అందుటయు, అందకపోవుటయు చూపునకును అంధత్వమునకును మధ్య భేదమగుచున్నదని దీని భావము. నెయ్యి కాచి సంతకు పంపి, మజ్జిగ మాత్రము ఇంట నుంచుకొను కుటుంబములు మనకును క్రొత్త కావు.

కంటిలో జరుగునదేమి?

కంటి వెనుకభాగమున నేత్రపటలము కలదు. అందు మసక వెలుతురులో పనిచేయు 'దండకణములు' గలవు. 1876లో బోల్ అను శాస్త్రజ్ఞుడు చీకటిలో నుంచిన కప్ప కంటిని తెరచి, ఆ పటలము ఎఱ్ఱగా నుండుటయు, వెలుతురు తగిలినంతనే వెలసిపోవుటయు చూచెను. ఆ రంగుపదార్థమునకు రోడాప్సిన్ అని పేరు. 1933లో వాల్డ్ నేత్రపటలములో ఎ విటమిను ఉన్నట్లు కనుగొనెను. ఎ విటమిను నుండి ఏర్పడిన రెటినాల్ అను పదార్థము ఒక మాంసకృత్తుతో కలిసి రోడాప్సిన్ అగును. వెలుతురు తగిలినపుడు అది విడిపోవును. వెలుతురు తగిలి రెటినాల్ రూపము మారుటయే చూపునకు నాంది. మరల చీకటిలో కూడుకొనును. ప్రతిసారియు కొంత ఎ విటమిను ఖర్చగుచుండును. రక్తము నుండి క్రొత్త సరఫరా లేనిచో రోడాప్సిన్ తక్కువయి మసక వెలుతురులో చూపు ఆనదు. ఇదియే రేచీకటి.

ఎ విటమినునకు మరియొక పని కూడ కలదు. కన్ను, ముక్కు, ఊపిరితిత్తులు, ప్రేవులు, మూత్రమార్గముల లోపొర ఎల్లప్పుడు తడిగా, మెత్తగా ఉండవలెను. ఎ విటమిను లేనిచో ఆ పొర చర్మమువలె పొడిబారి గట్టిపడును. కంటిపై మొదట తడి పోయి, ముడతలు పడును. బిటో మచ్చలు వచ్చును. తరువాత నల్లగుడ్డుపై నుండు పారదర్శకమైన పొర మెరుపు కోల్పోయి, పుండుపడి, కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు గంటలలోనే, మెత్తబడి కరగిపోవును. అంతవరకు వచ్చిన పిమ్మట ఏ విటమినును ఆ చూపును తిరిగి తేలేదు.

ప్రేవులలోను, ఊపిరితిత్తులలోను ఇట్లే రక్షణ సడలుటచే విరేచనములు, తట్టు మొదలగు అంటువ్యాధులు ఆ బిడ్డపై తీవ్రముగ విజృంభించును. 1932లో లండనులో ఎలిసన్ అను వైద్యుడు తట్టు సోకిన 600 మంది పిల్లలలో సగము మందికి ఎ విటమిను గల చేపనూనె ఇచ్చెను. మందు ఇచ్చిన 300 మందిలో 11 మంది, ఇవ్వని 300 మందిలో 26 మంది మరణించిరి. ఈ ముఖ్యమైన ఫలితము అర్ధశతాబ్దము మరుగున పడియుండెను.

పెద్దలకంటె పిల్లలకే ఈ ముప్పు ఎక్కువగుటకు కారణములు కలవు. పుట్టునప్పుడు శిశువు కాలేయములో నిలువ స్వల్పము. తల్లికే లోపమున్నచో పాలలోను తక్కువగును. శరీరము పెరుగుచుండుటచే అవసరము అధికము. తల్లిపాలు తగ్గి గంజికిని మెతుకులకును మారు వయస్సులో బియ్యమే ఆహారమగును. బియ్యములో ఎ విటమిను గాని, దానిగా మారు కెరోటిను గాని లేదు. దానికి తోడు తట్టు వచ్చినప్పుడు దేహములోని కొద్దిపాటి నిలువ కరగిపోవును. పథ్యమను పేర ఆ సమయముననే కూర, నెయ్యి మాన్పింతురు. "తట్టు వచ్చి కన్ను పోయినది" అను మాట వెనుక అనేకసార్లు ఈ ఆకలియే దాగియుండెను.

కూనూరు నుండి హైదరాబాదునకు

మనదేశమున పోషకాహార పరిశోధన 1918లో నీలగిరులలోని కూనూరులో ఒక్క గదిలో ఆరంభమయినది. మెక్‌కారిసన్ దానిని స్థాపించెను. తరువాత ఐక్రాయిడ్ దానికి సంచాలకుడయ్యెను. మద్రాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు పేదపిల్లలు నల్లగుడ్డు మెత్తబడిపోయిన స్థితిలో తరచు వచ్చుచుండిరి. అక్కడి వైద్యుడు రైట్‌తో కలిసి ఐక్రాయిడ్, కెరోటిను పుష్కలముగ గల ఎఱ్ఱ తాటిజాతి నూనెతో, అనగా పామాయిలుతో, ఆ జబ్బునకు చేసిన చికిత్సను 1937లో ప్రకటించెను. శాకాహారములోని ఎఱుపు పసుపు వన్నెల పదార్థము దేహములో ఎ విటమినుగా మారునని 1930 ప్రాంతమున మూర్ ఎలుకలలో నిరూపించియుండెను. ఖరీదైన చేపనూనె లేని దేశములకు ఇది గొప్ప ఆశ కల్పించినది.

స్వాతంత్ర్యానంతరము, 1953 నుండి వనస్పతిలో ఎ విటమిను కలుపుట తప్పనిసరి చేయబడినది. డెన్మార్కు మార్గరీను నేర్పిన పాఠమే ఇది. 1958లో కూనూరు పరిశోధనశాల హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. తార్నాకలో నున్న ఆ సంస్థకు గోపాలన్ నాయకత్వము వహించిన కాలమున అక్కడి శాస్త్రజ్ఞులు ఒక సూటి ప్రశ్న వేసికొనిరి. కాలేయము ఎ విటమినును నెలల తరబడి నిలువ చేయగలదు గదా! మరి ఒక్కసారిగా పెద్ద మోతాదు ఇచ్చినచో బిడ్డకు అది ఎంతకాలము ఆదుకొనును?

1970లో శ్రీకంఠయ్య, వినోదిని రెడ్డి ఒక్క పెద్ద మోతాదు పిల్లల రక్తములోను, కాలేయములోను ఎట్లు నిలుచునో ప్రకటించిరి. అదే సంవత్సరమున స్వామినాథన్, సుశీల, తిమ్మాయమ్మ గ్రామములలోని పిల్లలకు ఏటికొకసారి పెద్ద మోతాదు ఇచ్చి కంటిలక్షణములు తగ్గుట చూపిరి. ఆ ఏడే భారతప్రభుత్వము పోషకాహారలోప అంధత్వ నివారణ కార్యక్రమము ఆరంభించినది. ఆరు మాసములకొకసారి రెండు లక్షల యూనిట్ల ఎ విటమిను ద్రవము చెంచాతో పోయుట దాని పద్ధతి. ఇప్పటి పద్ధతిలో తొమ్మిదవ నెలలో తట్టు టీకాతో పాటు లక్ష యూనిట్లు, పిమ్మట ఆరు మాసములకొకసారి రెండు లక్షల చొప్పున ఐదేండ్లు నిండు వరకు, మొత్తము తొమ్మిది మోతాదులు.

లెక్క చూడుడు. రెండు లక్షల యూనిట్లనగా 60 మిల్లీగ్రాములు, అనగా 60,000 మైక్రోగ్రాములు. ఒకటి నుండి మూడేండ్ల బిడ్డకు దినమునకు 390 మైక్రోగ్రాములు కావలెనని 2020లో మన శాస్త్రజ్ఞులు సిఫారసు చేసిరి. భాగించినచో సుమారు 154 దినములు, అనగా ఐదు నెలలు. కొంతభాగము దేహమునుండి వెడలిపోవును గనుక వాస్తవముగ ఇంకను తక్కువ. ఆరు మాసముల గడువునకు ఆధారము ఇట్టిది.

మోతాదా, భోజనమా?

ఇంతవరకు కన్నులను గూర్చి చెప్పితిమి. ప్రాణములను గూర్చిన వివాదము తరువాత వచ్చినది. ఇండోనేషియాలో రేచీకటిని పరిశీలించుచున్న అమెరికా నేత్రవైద్యుడు సోమర్, తన లెక్కలను తిరుగవేయుచుండగా ఒక భయంకర సత్యము కనబడినది. స్వల్పమైన కంటిలక్షణములు గల పిల్లలు, అవి లేని పిల్లలకంటె సగటున నాలుగు రెట్లు ఎక్కువగ మరణించుచుండిరి. ఇది 1983లో ప్రకటితమయినది. 1986లో ఆయన బృందము, అచే ప్రాంతపు 450 గ్రామములలో పెద్ద మోతాదులిచ్చి చూచి, పిల్లల మరణములు 34 శాతము తగ్గినవని చెప్పినది. మరుగున పడిన ఎలిసన్ లెక్క మరల వెలుగులోనికి వచ్చినది.

అందరును దీనిని వెంటనే ఒప్పుకొనలేదు. 1990లో రెండు భారతీయ పరిశోధనలు ప్రకటితమయినవి. తిరుచిరాపల్లి ప్రాంతమున రహమతుల్లా బృందము సుమారు 15,000 మంది పిల్లలలో సగము మందికి వారము వారము చిన్న మోతాదు, 2,500 మైక్రోగ్రాములు, ఇచ్చినది. మరణములు సగమునకు పైగా తగ్గినవి. హైదరాబాదు పరిసర గ్రామములలో విజయరాఘవన్ బృందము దాదాపు అంతే సంఖ్య గల పిల్లలలో సగము మందికి ఆరు మాసముల పెద్ద మోతాదు ఇచ్చినది. మందు పొందినవారికిని పొందనివారికిని మరణములలో భేదము కనబడలేదు. రెండు ప్రాంతముల పిల్లల స్థితి ఒకటి కాదు. తిరుచిరాపల్లి పిల్లలలో లోపము మిక్కుటము. హైదరాబాదు ప్రయోగములో తరచు ఇండ్లకు పోయి పిల్లలను చూచుటయే ఇరుపక్షములవారిని కాపాడెనని పరిశోధకులు భావించిరి. కావున ఒకదానితో మరియొకదానిని నేరుగ పోల్చరాదు. అయినను ఒక చిన్న లెక్క ఆలోచింపదగినది. వారమునకు 2,500 అనగా దినమునకు సుమారు 357 మైక్రోగ్రాములు. ప్రకృతి ఆహారము ద్వారా బిడ్డకు అందవలసినదియు దాదాపు అంతే!

ఉత్తరప్రదేశములో సుమారు పది లక్షల మంది పిల్లలపై ఐదేండ్లు జరిగిన మహాప్రయోగము 2013లో వెలువడినది. అందు మరణములలో కనబడిన తగ్గుదల 4 శాతము మాత్రమే. అది యాదృచ్ఛికమైనను కావచ్చును. పూర్వపు ప్రయోగములన్నిటితో కలిపి లెక్కించినపుడు 11 శాతము తగ్గుదల తేలినది. దీని తాత్పర్యమేమి? లోపము తీవ్రముగ నున్నచోట, తట్టు టీకా అందనిచోట, మోతాదు ప్రాణరక్షకము. టీకాలు, శుభ్రమైన నీరు, ఆహారము మెరుగుపడిన కొలది మోతాదు చేయు అదనపు మేలు తగ్గును. 2016–18లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో ఒకటి నుండి నాలుగేండ్ల పిల్లలలో 18 శాతమునకు ఎ విటమిను లోపము ఉన్నట్లు తేలినది. కంటిగుడ్డు కరగిపోవు కేసులు మునుపటివలె కనబడుట లేదు. కాని అయిదుగురిలో ఒక్కరికి కొంచెము తక్కువగ నున్న ఈ లోపమును విస్మరించుట తగదు. మోతాదు పథకమును అందరికి కొనసాగింపవలెనా, లోపమున్న జిల్లాలకే పరిమితము చేయవలెనా యనునది శాస్త్రజ్ఞుల చర్చ. ఆహారము మెరుగుపడవలెననుటలో మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఎక్కువైనను హానియే

మేలు చేయునది ఎంత ఎక్కువైన అంత మంచిదను భ్రమ పనికిరాదు. 1597లో ఉత్తర ధ్రువప్రాంతమున చిక్కుకొనిన డచ్చి నావికులు తెల్ల ఎలుగుబంటి కాలేయమును తిని తీవ్రముగ జబ్బుపడిరి. కొందరికి తల నుండి పాదముల వరకు చర్మము ఊడినది. అందులకు కారణము ఆ కాలేయములోని అపారమైన ఎ విటమినే యని 1943లో తేలినది. నీటిలో కరగు విటమినులు ఎక్కువైనచో చాలవరకు మూత్రములో పోవును. కొవ్వులో కరగునది పేరుకొనును. కావున ఎ విటమిను మోతాదులను ఇంట నిష్టము వచ్చినట్లు ఇవ్వరాదు. ఆరోగ్య కార్యకర్త చీటీలో వ్రాసిన తేదీని భద్రపరచి, గడువు ప్రకారమే ఇప్పింపవలెను. గర్భవతులు పెద్ద మోతాదులు తీసికొనుట గర్భస్థశిశువునకు ప్రమాదకరము. ఆకుకూరలలోని కెరోటినుతో ఇట్టి భయము లేదు; దేహము తనకు కావలసినంతయే మార్చుకొనును.

ఇంటి వద్ద చేయదగినది

బిడ్డ పుట్టగనే వచ్చు పసుపువన్నె ముర్రుపాలు ఎ విటమినుతో నిండియుండును. అవి మంచివి కావని పిండి పారబోయు ఆచారము ఇంకను అక్కడక్కడ ఉన్నది. అది బిడ్డ మొదటి రక్షణను నేలపాలు చేయుటయే.

ఆరవ నెల నిండిన పిమ్మట అన్నముతో పాటు మునగాకు, తోటకూర, పొన్నగంటికూర, పాలకూర వంటి ఆకులు ఉడికించి మెత్తగ మెదిపి పెట్టవలెను. ఎఱ్ఱగుమ్మడి, క్యారెట్టు, పండిన బొప్పాయి, మామిడి మంచివి. గ్రుడ్డు తినువారికి పచ్చసొన మిక్కిలి మేలు. ఒక సంగతి మరువరాదు. ఆకులలోని కెరోటిను మొత్తము ఎ విటమినుగా మారదు. పూర్వము ఆరు పాళ్లు కెరోటినునకు ఒక పాలు ఎ విటమిను వచ్చునని లెక్కించెడివారు. తరువాతి పరిశోధనలలో పన్నెండు పాళ్లు కావలెనని తేలినది. కొవ్వు లేనిచో అదియు సరిగ దేహమునకు పట్టదు. అందుచే ఆకుకూరలో ఒక చెంచాడు నూనె గాని, నెయ్యి గాని వేయుట రుచి కొరకు మాత్రమే కాదు. ఆ ఆకు బిడ్డకు పట్టుటకు అదియే వాహనము. రెండు మునగ కొమ్మలు పాతుటకు పెరటిలో మూరెడు చోటు చాలును.

తట్టు గాని, విరేచనములు గాని వచ్చినపుడు పథ్యము పేర బిడ్డ నోరు కట్టరాదు. తట్టు సోకిన బిడ్డకు ఎ విటమిను ఇప్పించుట వైద్యశాస్త్రము ఆమోదించిన చికిత్స. వెంటనే ఆరోగ్యకేంద్రమునకు తీసికొనిపోవలెను.

ష్వార్ట్సును ఎగతాళి చేసిన పండితులకు చదువు తక్కువ కాలేదు. కంటికెదురుగ నున్న రోగి ఏమి తినుచున్నాడో అడుగు అలవాటు తక్కువయినది. ఆ ప్రశ్న అడిగినవాడు కనుకనే బ్లాక్ పిల్లల చూపు నిలిపెను. ఆ ప్రశ్న అడుగుటకు ప్రయోగశాల అక్కరలేదు. దీపములు పెట్టు వేళ మీ ఇంటి పసివాని నడకను ఒకసారి గమనింపుడు. గడప తట్టుకొనుచున్నచో కోపపడకుడు. వాని కంచములో ఏమి ఉన్నదో, ఏమి లేదో చూడుడు. మరునాడే వానిని వైద్యునకు చూపుడు. పోయిన కన్నును తెచ్చుట ఎవరి వల్లను కాదు. పోనున్న కన్నును నిలుపుట మాత్రము మన చేతిలోనే ఉన్నది.